కొండ దారిలో చివరి సైకిల్

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ముందు వరస కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇది ఏడవడానికి కూడిన సభ. ముందు కూర్చోవడానికి మొహమాటం దేనికండీ?

ఈ హాలు అడగ్గానే ఇచ్చిన పాస్టర్ మరియదాసు గారికి, డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చిన నర్సమ్మలకు, మన సైకిల్ సంఘం పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు, కోతలు ఒక పూట ఆపుకుని ట్రాక్టరెక్కి వచ్చిన మా ఊరి ఆడవాళ్లకు, అందరికంటే ముందు ప్రకాష్ బావగారికి చెబుతున్నాను. మీ అందరికీ తెలిసిన మాటే. తెలిసినా నోటితో అంటే గానీ నమ్మకం కుదరని మాట. మన జయకుమారి గారు, మన జయక్క, ఇక లేదు.

నా పేరు కోటేశ్వరి. కొండవీడు కొండ కింద మాది మిరప సేద్యం, కాస్త పత్తి. అక్క నాకు తోడబుట్టింది కాదు. మా కులం కాదు, మా మతం కాదు, మా ఊరు కూడా కాదు. అయినా పొద్దున్నే సైకిల్ బయటికి తీస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాను. ఆమె ఎప్పుడూ అందరికంటే వెనక వచ్చేది కదా. అక్కడ లేదు. బాధగా ఉంది. చాలా బాధగా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట నేను మాట్లాడేది వింటే కొంతమందికి ఈవిడకి బాధ లేదేమో అనిపించవచ్చు.

మైకు నా చేతికిచ్చి ఐదు నిమిషాలన్నారు. ఇచ్చినవాళ్లదే తప్పు.

అయ్యా, అమ్మా! ఈ హాల్లో అందరి మనసులోనూ ఒక ప్రశ్న ఉంది. ఎవరూ పైకి అనడం లేదు. వచ్చే ఆదివారం పిల్లలు కొండవీడు ఎక్కాలా, వద్దా? చివర వచ్చే మనిషి పోయింది కాబట్టి ఇక ఆడపిల్లల్ని పంపాలా, మానాలా? జయక్క ఫొటో ముందు పెట్టుకుని, దండ వేసి, ఈ మాట దాటేసి ఇంటికి పోతే అది సంతాపం కాదు, తప్పించుకోవడం. అందుకని ఆమె ఎవరో చెప్పి, ఆ మాట దగ్గరికే వస్తాను.

పర్చూరు పక్క పల్లెలో పుట్టింది జయక్క. అమ్మానాన్నలిద్దరూ పొగాకు బ్యారన్లలో పనిచేశారు. మిషన్ బళ్లో చదివి, నర్సింగ్ చేసి, ఇంగ్లండు వెళ్లింది. ఇంగ్లండంటే మనకు ఏం తెలుసు? పెద్ద గడియారం, ఎర్ర బస్సు. అక్క వెళ్లిన చోట అవేమీ లేవట. అంతా కొండలేనట. ఎద్దులబండి పట్టేంత సన్న దారులు, దారికి రెండు పక్కలా రాళ్లు పేర్చిన గోడలు, గోడల అవతల గొర్రెలు, ఎప్పుడూ ఒక జల్లు. ఆస్పత్రేమో కొండ మీద, ఈమె గదేమో కొండ కింద. బస్సు వేళకి డ్యూటీ ఉండదు, డ్యూటీ వేళకి బస్సు ఉండదు. ఎవరో వాడి వదిలేసిన సైకిల్ కొనుక్కుంది. మొదట్లో తొక్కడం కంటే తోసుకుంటూ నడిచిందే ఎక్కువని తనే చెప్పి నవ్వేది.

అక్కడ ఆదివారాలు కొండ దారుల్లో సైకిళ్లు తొక్కే గుంపు ఒకటుంటే అందులో చేరింది. ఆ గుంపులో ఒక ముసలావిడ. మొదటి రోజు పెద్ద కొండ వచ్చింది, గుంపులో అందరూ ముందుకు పోయారు, ఈమె వెనకపడింది. ఆ ముసలావిడ మాత్రం ఈమె వెనకే ఉంది. తొందరపెట్టలేదు. ధైర్యం చెప్పలేదు. ఈమె దిగితే తనూ దిగింది, ఈమె ఎక్కితే తనూ ఎక్కింది. కొండ పైకి వెళ్లాక టీ తాగుదామా అని అడిగిందట, అంతే. జయక్క నాతో అన్నది, "కోటేశ్వరీ, ఆ రోజు నేను కొండెక్కింది నా కాళ్లతోనే. కానీ ఆవిడ వెనక లేకపోతే ఆ కాళ్లు నావని నాకు తెలిసేది కాదు."

తిరిగొచ్చి చిలకలూరిపేటలో ఆస్పత్రిలో చేరింది. ఆదివారం వస్తే తలకి హెల్మెట్, పంజాబీ డ్రెస్, సైకిల్. మనవాళ్లు ఊరుకుంటారా? "ఫారిన్ పోయొచ్చి కారు కొనలేకపోయిందా పాపం" అన్నారు. ఆమె చెవిన పడింది కూడా. పట్టించుకోలేదు. ఆమె దృష్టంతా కొండల మీదే ఉంది. మనం చుట్టూ చదునే అనుకుంటాం. ఇటు కొండవీడు, అటు కోటప్పకొండ, ఇంకా పైకి పోతే మంగళగిరి. చదును మధ్యలో నిలబడ్డ కొండలివి. వీటిని కలుపుతూ దారులు గీసింది.

దారి గీయడమంటే ఫోన్లో గీతలు గీయడం అనుకునేరు. పొద్దున ఒకసారి ఒంటరిగా వెళ్లేది. సాయంత్రం అదే దారిని అటు నుంచి ఇటు వచ్చేది. గాలి ఎటు తిరుగుతుందో చూసేది. "కొండ కనబడుతుంది కాబట్టి భయపడతాం. గాలి కనబడదు కాబట్టి మోసపోతాం" అనేది. పోయేటప్పుడు ఎదురు గాలి, వచ్చేటప్పుడు తోడు గాలి ఉంటేనే అది దారి అని ఆమె లెక్క. ఇంకొకటి, మగవాళ్లకు ఎప్పటికీ తట్టనిది. ఆమె గీసిన దారిలో ప్రతి ఊళ్లోనూ ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటి ఆడమనిషితో ముందే మాట్లాడి పెట్టుకునేది. ఎందుకు? ఆడపిల్ల దిగి బాత్‌రూంకి వెళ్లాలంటే గేటు దగ్గర నిలబడి సిగ్గుపడకూడదని. మన త్రినాథ్ లాంటి బలశాలులు టైర్ల గురించి, గేర్ల గురించి గంటలు గంటలు చెబుతారు. ఈ మాట ఒక్కరైనా అన్నారా?

ఇప్పుడు నేను ఆమెని మొదటిసారి చూసిన రోజు చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, అక్క ఏమీ అనుకోదు.

మాఘమాసం. మిరప కోతలు జోరుగా ఉన్నాయి. కల్లం నిండిపోతే మేము రోడ్డు వారగా కూడా కాయ ఆరబోస్తాం. తప్పే, కానీ అందరం చేసేదే. రాత్రి మంచుకి తడవకుండా నల్ల పట్టా కప్పుతాం. ఆ పొద్దున ఇంకా సరిగా వెలుగు రాలేదు. కొండ వైపు సైకిళ్ల గుంపు వస్తోంది. మా ఊరి రోడ్డు సంగతి మీకు తెలుసు, గోతికీ గోతికీ మధ్య కాస్త తారు. అటువంటి రోడ్డు మీద వాళ్లకు ఆ పక్కన నున్నగా, నల్లగా, పొడవుగా మా పట్టా కనబడింది. కొత్తగా తారు వేశారనుకున్నారు! మన దగ్గర కొత్త తారు చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది కదండీ. ముందున్న త్రినాథ్ సైకిల్ అటు తిప్పాడు. వెనకవాళ్లంతా తిప్పారు. కింద కాయ పటపటమంటోంది. చక్రాలు కూరుకుపోయి ఒకరి మీద ఒకరు పడ్డారు. పట్టా చినిగింది, కాయలో చేతులు పెట్టి లేచారు, ఆ చేతుల్తోనే చెమట తుడుచుకున్నారు. ఇక చూడండి నా సామిరంగా! బ్యాంకు ఉద్యోగం చేసే మనిషి మా ఊరి నడిరోడ్డు మీద "అమ్మో, అమ్మో" అని గెంతుతున్నాడు.

నేను కర్ర తీసుకుని వచ్చాను. నా నోటికి మైకు అక్కర్లేదని మా ఊళ్లో అందరికీ తెలుసు. తిట్టడానికి ఊపిరి తీసుకున్నాను. ఈలోగా చివరి సైకిల్ వచ్చి ఆగింది. దిగింది జయక్క. నాకు దణ్ణం పెట్టలేదు, క్షమించమనలేదు. "కళ్లు నలపొద్దు! ఎవరూ కళ్లు నలపొద్దు!" అని వాళ్ల మీద ఒక్క అరుపు అరిచింది. నా వైపు తిరిగి, "నూనె ఉందా అమ్మా? ముందు చేతులకు నూనె రాయాలి" అంది. ఆ గొంతులో ఏముందో తెలీదు. కర్ర పట్టుకొచ్చినదాన్ని కర్ర అక్కడే పడేసి నూనె సీసా కోసం లోపలికి పరిగెత్తాను. నూనె రాయించింది, సబ్బుతో చేతులు కడిగించింది, బోరు దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కరి కళ్లు కడిగింది. అప్పుడు మా కాయ వైపు చూసింది. "ఇవాళ మన దారి ఇక్కడికే" అంది వాళ్లతో. "కూర్చోండి. చితికింది వేరు చేయండి, తాలు వేరు చేయండి."

కూర్చున్నారండీ! ఎండ నడినెత్తికొచ్చే దాకా కూర్చుని, తుమ్ముతూ, దగ్గుతూ, తెల్లబడ్డ తాలుకాయలు ఏరారు. మా కూలీ ఆడవాళ్లు నవ్వలేక చచ్చారు. వెళ్లేటప్పుడు అక్క నాతో ఇంగ్లండు సంగతి చెప్పింది. అక్కడ కొండ దారుల్లో గొర్రెలు బయటికి పోకుండా గేట్లు ఉంటాయట. తెరిచినవాళ్లే మూసి పోవాలి. ఎవరి పొలం గుండా పోతున్నామో వాళ్లకి నష్టం చేయకూడదు. "ఇక్కడ గేట్లు లేవు, కాయ ఉంది. అంతే తేడా" అంది. తర్వాత వారం మళ్లీ వచ్చారు. కాయ ఆరబోసిన చోట అందరూ దిగి, సైకిళ్లు భుజాన వేసుకుని, వరసగా నడిచిపోయారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా అదే పద్ధతి. నేను ఆ నెలలోనే మా పెద్దాడి పాత సైకిల్ దులిపి బయటికి తీశాను. చిన్నప్పుడు బడికి తొక్కినదాన్నే, మర్చిపోయానంతే.

ఇక జాన్ బాషా గారి సంగతి. బాషా గారూ, మీ పేరు పెట్టి చెబుతున్నందుకు తర్వాత తిట్టుకోండి. ఇప్పుడు మాత్రం కూర్చోండి.

బాషా గారిది గ్రానైట్ లారీ. చీమకుర్తి నుంచి రాయి తెస్తారు. వాళ్లమ్మాయి జమీలా మన గుంపులో చేరిన కొత్తలో ఆయన ఆస్పత్రికి వచ్చారు, మంచి కోపంగా. "ఆడపిల్లని రోడ్డెక్కిస్తారా మేడమ్? నేను రోజూ ఆ రోడ్డు మీదే ఉంటాను. ఏం జరుగుద్దో నాకు తెలుసు" అన్నారు. ఇంకొకరైతే ఏం చేస్తారు? ఆడపిల్లల స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇస్తారు. జయక్క ఇవ్వలేదు. "మీకు తెలిసింది మాకు చూపించండి అన్నా" అంది.

ఆదివారం మూసి ఉన్న జిన్నింగ్ మిల్లు ఆవరణలోకి ఆయన చేత లారీ తెప్పించింది. పిల్లల్ని సైకిళ్లతో సహా లారీ చుట్టూ నిలబెట్టింది. ఒక్కొక్క పిల్లనీ క్యాబిన్‌లోకి ఎక్కించి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టింది. అద్దంలో చూడు, నీ స్నేహితురాలు కనబడుతోందా? ఇప్పుడు? ఇప్పుడు? కనబడకుండా పోయిన చోటల్లా కింద ముగ్గుపిండితో గీయించింది. చివరికి చూస్తే లారీ చుట్టూ పెద్ద ముగ్గు. లారీ పక్కనే అంత మేర మనిషి ఉన్నా డ్రైవర్‌కి లేనట్టే! పిల్లలు నోరు తెరిచారు. బాషా గారు కూడా కిందికి దిగి, ఆ ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. ఇన్నేళ్లు బండి తోలి, తన బండికి ఏం కనబడదో అంత స్పష్టంగా ఆయనా ఎప్పుడూ చూడలేదు.

పిల్లలకు చీమకుర్తి దాకా పోయి ఆ కోసిన కొండల్ని చూడాలని ఒకటే కోరిక. అక్క ఆ దారి గీసి కూడా పెట్టింది. ఆ తర్వాత బాషా గారి పక్క సీట్లో కూర్చుని ఆ రోడ్డంతా పోయి చూసొచ్చి, కొట్టేసింది. "ధైర్యం వేరు, రోడ్డు వేరు. ఆ రోడ్డు మీద మనకి చోటు లేదు" అంది. పిల్లలు అలిగారు. అలగనివ్వండి అంది. ఆమె కొట్టేసిన దారులు చూశాకే బాషా గారికి ఆమె గీసిన దారుల మీద నమ్మకం కుదిరింది. "అమ్మా, మీరు చివర ఉన్నంత కాలం నా బిడ్డని పంపిస్తా" అన్నారు.

మీరు చివర ఉన్నంత కాలం. ఆ మాటే ఇప్పుడు మన పీకల మీదికి వచ్చింది. మొన్న బాషా గారు జమీలా సైకిల్ మేడ మీద పెట్టేశారు. ఆ పిల్ల కొండవీడు ఘాట్ రోడ్డు కాలు కింద పెట్టకుండా ఇంకా ఒక్కసారి కూడా ఎక్కలేదు. పోయినసారి పై మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఇక ఎక్కలేనేమో అని ఆ పిల్ల మా ఇంటికొచ్చి ఏడ్చింది. జమీలా ఒక్కతేనా? ఇంకెన్ని మేడల మీద ఎన్ని సైకిళ్లున్నాయో మీకు తెలుసు.

మన సంఘం కార్యదర్శి త్రినాథ్ నా దగ్గరికి వచ్చి, "అక్కా, చావు జరిగింది కదా, ఏడాది పాటు కొండ ఎక్కకూడదు. ఈ ఏడాదికి ఆపేద్దాం" అన్నాడు. తల దించుకోకు త్రినాథ్, నువ్వు మంచికే అన్నావు. పెద్దలు కూడా చాలామంది అదే అన్నారు. చూడండి, ఆచారం తెలియక మాట్లాడుతున్నాననుకోవద్దు. మా ఆయన పోయినప్పుడు ఏడాది నేను కోటప్పకొండ మెట్టు తొక్కలేదు. తిరునాళ్లకు మా ఊరి ప్రభ కదిలితే, చప్పుళ్లు వింటూ ఇంట్లో కూర్చున్నాను. నేను పాటించాను, రేపు ఇంకొకటి జరిగినా పాటిస్తాను. కానీ మైల ఎవరికి? ఆ ఇంటివాళ్లకి. ఆ ఇంటి పెద్ద, అక్క భర్త ప్రకాష్ బావగారు ఇదిగో, ఇక్కడే ఉన్నారు. అడిగాను. "మాకా పట్టింపు లేదమ్మా. ఆమె ఉంటే వానొచ్చినా ఆపనిచ్చేది కాదు" అన్నారు. మరి ఆ ఇంటికే లేని మైల మనకెక్కడిది? పైగా మనమేమన్నా మొక్కు తీర్చుకోవడానికి పోతున్నామా? కొండవీడు ఎక్కి, డబ్బాల్లో ఇడ్లీలు తిని, కిందికి దిగి వస్తున్నాం!

అసలు సంగతి నేను చెప్పనా? అది మైల కాదు, భయం. భయపడటం తప్పు కాదండీ. పిల్లల్ని కన్నవాళ్లం, భయపడకపోతే ఎలా? కానీ భయానికి ఆచారం చీర కట్టి కూర్చోబెట్టడం తప్పు. ఏడాది అంటే మనకు ఒక పంట, పోతే ఇంకో పంట వేస్తాం. పిల్లకి ఏడాది అంటే ఏమిటి? ఈ ఏడాది ఆగిన పిల్ల వచ్చే ఏడాది మళ్లీ సైకిల్ ఎక్కుతుందా? పరీక్షలంటారు, ట్యూషన్లంటారు, ఎదిగిన పిల్లంటారు. మేడ మీద పెట్టిన సైకిల్ కిందికి దిగడం ఎవరైనా చూశారా?

భయానికి జవాబు కూడా జయక్కే ఇచ్చి పోయింది. తనకి జబ్బని తెలిసిన రోజు నుంచి ఆమె ఒక పని మొదలుపెట్టింది. ఆ పని మన ఎదురుగానే జరిగినా మనం గమనించలేదు. ఒంట్లో ఓపిక తగ్గి తొక్కలేకపోయినప్పుడు ఏం చేసింది? బుడే నడిపే ఆటో ఎక్కి మన వెనక వచ్చింది. "చివర ఉండటానికి కాళ్లే ఉండాలా?" అంది. ఆటోలో తను కూర్చుని, వారానికొకరిని తన చోట చివర పెట్టింది. ఒక వారం నర్సమ్మ, ఒక వారం త్రినాథ్, ఒక వారం ఇంకొకరు. ఓపిక లేక అలా చేస్తోందనుకున్నాం. పిచ్చివాళ్లం.

నా వంతు వచ్చింది. నా ముందు జమీలా ఎక్కుతోంది. నేను ఊరుకుంటానా? "తొక్కవే, తొక్కు, ఇంకాస్తే, అదిగో మలుపు, తిండి తిన్లేదా" అని ఒకటే వాగుడు. వెనక ఆటో హారన్ మోగింది. దగ్గరికి వెళితే, దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషి, గొంతు సగం పోయిన మనిషి, నాతో అన్న మాట చెబుతున్నాను. "నువ్వు మాట్లాడితే ఆ పిల్ల నీకు జవాబు చెప్పాలి. జవాబు చెప్పడానికి ఊపిరి కావాలి. ఆ ఊపిరి కొండకి కావాలి. నోరు మూసుకుని రా కోటేశ్వరీ." నా జన్మలో నన్ను నోరు మూసుకోమని నేను మూసుకున్నది ఆ ఒక్కసారే. అంత కష్టమైన పని నేను కల్లంలో కూడా చేయలేదు. నోరు మూసుకుని పైదాకా వెళ్లాను. ఆ పిల్ల ఆగిపోయిన మలుపులో నేనూ దిగాను, ఆ పిల్లతో పాటు నడిచాను.

ఆ సాయంత్రం అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇంక నేను రానక్కర్లేదు" అంది. ఏదో అలసి అన్న మాటనుకుని, "నువ్వు లేకుండా మేమెక్కడికి పోతామక్కా" అని గారాలు పోయాను. ఇప్పుడు తెలుస్తోంది. ఆమె మనల్ని వదిలేసి పోలేదు, మనకి అప్పజెప్పి పోయింది. తను లేకపోతే ఆగిపోయే దారి ఆమె ఒక్కటీ గీయలేదు. ఆమె మనసులో ఉన్న పని అదే. మనం ఆపేస్తే ఆమె చేసింది అబద్ధమవుతుంది. చావు ఆమెని తీసుకుపోగలిగింది. ఆమె చేసిన పనిని చావు తీసుకుపోలేదు, దాన్ని మనమే ముందుకు తీసుకుపోవాలి.

కాబట్టి నా మాట వినండి. వచ్చే ఆదివారం చివర నేను ఉంటాను. ఆ పై ఆదివారం త్రినాథ్, ఆ పైన నర్సమ్మలు. వంతులు వేసుకున్నాం. నాకు జయక్కంత ఓర్పు లేదు. ఆమెకి తెలిసిన వైద్యం తెలియదు. కానీ చివరి పిల్ల కొండ మీదికి చేరే దాకా ఆ పిల్లని దాటి ఒక్క అడుగు ముందుకు పోను. ఇది ఆమె ఫొటో ముందు చెబుతున్న మాట.

బాషా గారూ, మీరు ఇప్పుడు నాకు జవాబు చెప్పొద్దు. ఏ తండ్రీ, ఏ తల్లీ నోటితో చెప్పొద్దు. మైకు ముందు ఎవరి చేతా ఒట్టు వేయించుకోను. జయక్క ఎవరినీ అలా లాగలేదు.

ఇప్పుడు అందరం లేచి, ఆమె కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. కళ్లు మూసుకునేవాళ్లు మూసుకోండి, ప్రార్థన చేసుకునేవాళ్లు ఎవరి దేవుడికి వాళ్లు చేసుకోండి. పాస్టర్ గారు గంట కొడతారు. గంట కొట్టాక, ఆదివారం పిల్లని పంపడానికి మనసొప్పనివాళ్లు నిదానంగా కూర్చోండి. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు, నా పూచీ. పంపేవాళ్లు మాత్రం కూర్చోవద్దు.

లేవండి.